నీళ్లడిగే ఇల్లు

దయ్యాలంటే చచ్చేంత భయం ఉన్నవాడు దయ్యం కథ చెప్పి పేరు తెచ్చుకోవడం ఎక్కడైనా చూశారా? నారాయణఖేడ్‌లో ఒకడున్నాడు. పేరు దుర్గేశ్.

వారమంతా ఫ్లెక్సీల దుకాణంలో కూర్చుని పుట్టినరోజు బ్యానర్లు తయారు చేస్తాడు. ఆదివారం సాయంత్రం మాత్రం మెడలో చిన్న మైకు తగిలించుకుని 'ఖేడ్ పాటల బాట' నడుపుతాడు. ఫోన్లో రీల్స్ చూసి జహీరాబాద్ నుంచి, బీదర్ నుంచి, ఒక్కోసారి హైదరాబాద్ నుంచి కూడా జనం వస్తారు. వాళ్లను గల్లీలు తిప్పుతాడు. డప్పులు కాగబెట్టే చోట నిలబెట్టి దెబ్బల పేర్లు చెప్తాడు. పీరీల కొట్టం ముందు మొహర్రం పాటల సంగతి, భజన మందిరంలో శ్రావణమాసపు సప్తాహాల సంగతి, టెంటు టాకీసు ఉండిన ఖాళీ జాగాలో ఆటకు ముందు వేసే రికార్డుల సంగతి చెప్తాడు. భూమన్న తాత హార్మోణీలు బాగుచేసే దుకాణంలో తలా ఒక మెట్టు నొక్కనిస్తాడు.

ఆఖరున అమృతమ్మ ఇల్లు. నిజం చెప్పాలంటే సగం మంది వచ్చేది దానికోసమే.

ఆ ఇంటి ముందు దుర్గేశ్ తలుపుకు వీపు పెట్టడు. ఉరకడానికి ఏ వైపు దారి ఉందో ఆ వైపే నిలబడి మాట్లాడతాడు. ఆ ఆదివారం కూడా అట్లాగే నిలబడ్డాడు. మబ్బు దిగి ఉంది. తలుపుకు తుప్పు పట్టిన తాళం, గడప పక్కన ఇత్తడి చెంబులో నీళ్లు.

"జర దగ్గరికి రాండ్రి. గీ ఇంట్ల అమృతమ్మ అని పాటగత్తె ఉండె. నాటకం కంపెనీతోని కర్ణాటక నుంచి వచ్చింది. కంపెనీ లేసిపోయింది, ఆమె గీడనే ఉండిపోయింది. ఖేడ్‌ల ఆమె పాట విననోడు లేడు. ఒక వానకాలం జరమొచ్చింది. నీళ్లు, నీళ్లు అని ఒర్లి ఒర్లి, ఇచ్చే దిక్కు లేక పానం ఇడిసింది. ఇప్పటికీ వానపడితే గా గొంతు ఇనొస్తది. అందుకే గాడ చెంబుల నీళ్లు పెడ్తరు."

గుంపు వెనక నుంచి ఒక గొంతు లేచింది. "ఎప్పుడు పోయింది ఆమె?"

ఆవపూవు రంగు చుడీదారు, చేతిలో నల్ల గొడుగు, గొడుగు కన్నా నల్లటి కళ్లు. దుర్గేశ్ ఆ కళ్ల దగ్గర ఒక క్షణం తప్పిపోయి తిరిగొచ్చాడు.

"మనం పుట్టకముందు, మేడం."

"అచ్ఛా. మరి పోయిన ఎండకాలం దాకా నాకు జొన్నరొట్టె చేసిపెట్టింది ఎవరు?"

జనం నవ్వారు. దుర్గేశ్‌కు నవ్వు రాలేదు. మెల్లగా చూపు కిందికి దించి ఆ పిల్ల పాదాలు చూశాడు.

"కాళ్ల దిక్కు ఏం చూస్తున్నవ్?"

"సీదా ఉన్నయా, ఎన్కకు తిరిగున్నయా అని."

"సీదానే ఉన్నయి. చెప్పులు సుత ఉన్నయి. తీసి చూపియ్యాల్నా?"

దుర్గేశ్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె ముందుకు వచ్చింది. "అమృతమ్మ మా అజ్జి. మా అమ్మను కన్న తల్లి. ఈడ సావలే. నాగల్‌గిద్దల సంసారం చేసింది, పిల్లల్ని పెంచింది, మొన్న ఎండకాలంల నిద్రలనే పోయింది. బతికున్న మనిషిని దయ్యం చేసి ఊరంత తిప్పుతున్నరా మీరు?"

ఏదో అందామని దుర్గేశ్ నోరు తెరిచాడు. అప్పుడే చినుకు మైకు మీద పడి టప్పుమంది. ఇంకోటి పడింది. గల్లీ అంతా ఒక్కసారిగా మట్టివాసన లేచింది.

తరువాత ఆ ఇంట్లోంచి గొంతు వినిపించింది.

ముందు సన్నగా, పాట ఎత్తుకునే ముందు శ్రుతి చూసుకున్నట్టు. తరువాత ఒక్క మాట, సాగి, వణికి, చివర్న చటుక్కున విరిగి. తలుపు సందుల్లోంచి కాక గోడలోంచే ఊరినట్టు వచ్చింది. చెంబులో నీళ్లు సన్నగా వణికాయి.

"నీళ్లు!" అని ఎవరో కేకపెట్టారు. అంతే, బీదర్ వాళ్లు ఒకవైపు, జహీరాబాద్ వాళ్లు ఇంకోవైపు. అందరికన్నా ముందు మన గైడు.

మూల తిరిగాక వెనక్కి చూశాడు. ఆ పిల్ల రాలేదు. వానలో, గొడుగు మూసే ఉంచి, తలుపు ముందు బొమ్మలా నిలబడి ఉంది. ఆగాడు. భయం ఒకవైపు గుంజింది, ఆ పిల్ల ఒకవైపు గుంజింది. దుర్గేశ్ జీవితంలో మొదటిసారి భయం ఓడిపోయింది. కళ్లు సగం మూసుకుని పరుగెత్తి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు.

"చెయ్యి ఇడువు."

"ఇడుస్త. గల్లీ దాటినంక ఇడుస్త."

చాయ్ హోటల్లో కూర్చున్నాక కూడా ఆమె పెదవులు తెల్లగానే ఉన్నాయి. "అది మా అజ్జి గొంతే," అంది. "నన్ను తొట్టెల ఏసి ఊపేటప్పుడు పాట ఆఖర్ల గట్లనే ఇరుస్తుండె. కానీ ముసలి గొంతు గాదు. వయసుల ఉన్నప్పటి గొంతు."

దుర్గేశ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మా అమ్మ చిన్నప్పటి సంది గా గొంతు ఇంటున్నరు. మీ అజ్జి మొన్నటిదాక బతికుండె అంటున్నవ్. బతికున్న మనిషి గొంతు గీడెట్ల ఉంటది?"

వాన వెలిసేదాకా ఇద్దరూ ఒకరికొకరు కొంచెం దగ్గరగానే కూర్చున్నారు.

ఆమె పేరు మల్లీశ్వరి. నాగల్‌గిద్ద నుంచి రోజూ బస్సెక్కి వచ్చి ఖేడ్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలు చెప్తుంది. ఆ తరువాత ప్రతి ఆదివారం పాటల బాటకు వచ్చింది. ఎందుకని అడిగితే "నువ్వు చెప్పే అబద్ధాల మీద నిఘా పెట్టాలె" అంది. దుర్గేశ్ కథలోంచి జ్వరం తీసేశాడు, చావు తీసేశాడు. మిగిలింది గొంతు ఒక్కటే. చిత్రంగా, చావు తీసేశాక ఆ కథ ఇంకా ఎక్కువ భయపెట్టింది. చెప్పేవాడితో సహా.

"నువ్వు అన్నిటికి గట్ల ఉరుకుతవా?" అని అడిగింది ఒకరోజు.

"నీ దిక్కు సుత ఉరికిన. అది లెక్కల రాదా టీచరమ్మా?"

"ఒక్కసారే ఉరికినవ్. మిగిలినయన్ని ఎన్కకే."

నవ్వితే ఆమె ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుంది. దుర్గేశ్ బ్యానర్ల మీద పేర్లు తప్పులు కొట్టడం మొదలుపెట్టాడు. 'మల్లేశంకు జన్మదిన శుభాకాంక్షలు' అని ఉండాల్సిన చోట 'మల్లీశ్వరికి' అని పడింది. ఆ మల్లేశం మీసాలాయన. దుకాణం సేటు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

శ్రావణం వచ్చింది. ఒక సాయంత్రం బస్టాండులో, నాగల్‌గిద్ద బస్సు కోసం చూస్తూ నిలబడ్డప్పుడు, దుర్గేశ్ గొంతు సవరించుకున్నాడు. "మల్లీ, నేను నిన్ను..."

"అనకు," అంది వెంటనే. "అన్నంక నేను సరే అంటే పరేషాన్ అయితది."

"సరే అంటవా అయితే?"

ఆమె రోడ్డు వైపు చూసింది. "మా అజ్జిని ఖేడ్‌ల ఒకాయన ప్రేమించిండు. ఒక వానపొద్దు ఆమె ఇంటి గడప ముందట నిలబడి, ఇద్దరం పోదాం రా అన్నడు. ఆమె చీరెలు పెట్టెల సర్దుకొని బయటికొచ్చే వరకు మనిషి లేడు. భయపడి ఉరికిపోయిండు. ఒక్కతే బస్సెక్కింది. సచ్చేదాక ఆయన పేరు చెప్పలే, ఆయన్ని మరువలే. అందుకే మా అమ్మ ఒక్కటే మాట అంటది. ఖేడ్ మొగోళ్లు నిలవరు, గా ఊరికి పిల్లనియ్య అని. బీదర్‌ల సంబంధం సుత చూస్తున్నది. వచ్చే వారం మాట ఇస్తదట."

బస్సు వచ్చింది, ఆమెను తీసుకుని పోయింది. దుర్గేశ్ అక్కడే నిలబడ్డాడు. దయ్యాల భయం కన్నా పెద్ద భయం ఒకటుందని అతనికి ఆ రోజే తెలిసింది.

మర్నాడు బడి విడిచే వేళకు మబ్బు పట్టింది. మల్లీశ్వరిని వెంటబెట్టుకుని దుర్గేశ్ భూమన్న తాత దుకాణానికి పోయాడు. ఊళ్లో పాత పాటగాళ్లు అందరూ తెలిసిన మనిషి ఆయనొక్కడే. అమృతమ్మ గడప దగ్గర చెంబు నింపేది కూడా ఆయనే. పెళ్లి చేసుకోలేదు, హార్మోణీలతోనే సంసారం.

"తాతా, అమృతమ్మతోని ఎవరో ఒకాయన పోదామనుకున్నడట. ఎవరాయన? నీకెర్కేనా?"

తోలుతిత్తికి బంక రాస్తున్న ముసలి చేయి ఆగింది. భూమన్న తల ఎత్తి మల్లీశ్వరి ముఖం చాలాసేపు చూశాడు.

"బిడ్డా, నీ నొసలు ఆమెదే," అన్నాడు. "ఎవరో ఎందుకైతడు. నేనే."

మల్లీశ్వరి లేచి నిలబడింది. ఆ పిల్ల కళ్లలో కోపం చూసి దుర్గేశ్ అడ్డం పోబోయాడు. భూమన్న వద్దని చెయ్యి ఊపాడు.

"నేను ఉరకలే బిడ్డా. గడప ముందటనే నిలబడ్డ. జోరువాన. రాయే అంటే లోపట్నుంచి నీళ్లు అన్నది. దూపయిందేమో, దూరం పోవాలె కదా అని బోరింగ్ కాడికి ఉరికిన. చెంబు లేదు. ఎవరింట్లనో అడుక్కొని, నింపుకొని వచ్చేవరకు తలుపులు బార్లా ఉన్నయి. ఆమె లేదు. నన్ను జరిపెయ్యనీకె నీళ్లని సాకు పెట్టిందనుకున్న. ఇష్టం లేకుంటే మొకం మీద చెప్పొచ్చు గదా అని ఏడ్చిన." బంక డబ్బాకు మూత పెట్టి అన్నాడు, "తర్వాత వానకు గా ఇల్లు నీళ్లడుగుడు షురు జేసింది. ఎవరడుగుతున్నరో నాకు తెల్వదు. అడిగినంక పెట్టకుంటే ఎట్ల?"

మల్లీశ్వరి ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "తాతా, ఆమె నీతోని తెలుగే మాట్లాడేదా?"

"వచ్చీరాని తెలుగు. నాకు కన్నడం రాదు."

"ఆమె ఆ పొద్దు ఎట్లన్నదో అట్లనే అను."

భూమన్న కళ్లు మూసుకున్నాడు. హార్మోణీ మెట్టు ఒకటి నొక్కి పట్టుకుని, ఆ శ్రుతిలో మెల్లగా అన్నాడు. సాగి, వణికి, చివర్న విరిగింది. మల్లీశ్వరి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం దుర్గేశ్ చూశాడు.

"మా అజ్జి దూపయితే నీళ్లని ఎన్నడు అనలే," అంది. "కన్నడంల నీళ్లను నీరు అంటరు. హడావిడిల తన మాటనే నోట్లకొచ్చింది తాతా. అది నీళ్లు గాదు. నిల్లు."

"అంటే?"

"ఆగు అని. నిలబడు అని. దాని తర్వాత ఇంకేమన్నది?"

భూమన్న హార్మోణీ మెట్టు మీది నుంచి వేలు తీశాడు. "తెల్వదు బిడ్డా. మొదటి మాటకే ఉరికిన."

బయట ఉరిమింది కానీ ఆ రోజు వాన పడలేదు. ముగ్గురూ చీకటి పడే దాకా ఆకాశం చూసి లేచారు.

ఆదివారం మల్లీశ్వరి తల్లి ఇంద్రమ్మ ఖేడ్ బస్సు దిగింది. కూతురు ఎవడో పిల్లగానితో హార్మోణీల దుకాణంలో కూర్చుంటోందని నాగల్‌గిద్ద దాకా వార్త పోయింది. కందులు పండించి అమ్మి ఇల్లు నిలబెట్టిన మనిషి, నడకలోనే ఆ కరుకుదనం ఉంది. నేరుగా దుకాణానికి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది.

"నడువు. బీదరోళ్లకు రేపే మాటిస్త."

"అమ్మా, ఒక్కసారి అజ్జి ఇల్లు చూసిపో. ఆమె ఎందుకేడ్చిందో తెలుస్తది."

"నాకు తెలుసు ఎందుకేడ్చిందో. గీ ఊరి మొగోడు ఉరికిండని."

"ఆ మొగోణ్ని నేనేనమ్మా," అన్నాడు భూమన్న, గొడుగు ఊతంగా పట్టుకుని లేస్తూ. "నా మీద ఉమ్ము, తిట్టు. కానీ ఒక్కపారి నాతోని గడప దాకా రా."

ఇంద్రమ్మ ఆ ముసలాయన్ను పైకీ కిందికీ చూసింది. కూతురి చెయ్యి వదిలింది. నలుగురూ నడిచారు. గల్లీ మొదట్లోనే చినుకులు మొదలయ్యాయి.

గడప పక్కన చెంబు ఉంది. భూమన్న దాన్ని ముట్టుకోలేదు. గొడుగు విప్పుకుని తలుపుకు ఎదురుగా నిలబడ్డాడు. వాన బలిసింది. దుర్గేశ్ చూపు ఉరకడానికి దారి వెతికింది, కానీ ఆ పక్కనే మల్లీశ్వరి ఉంది, ఆమె పక్కన ఆమె తల్లి ఉంది. ఈ రోజు ఉరికితే జన్మలో నిలబడలేనని అతనికి తెలుసు. గోడ పట్టుకున్నాడు.

గొంతు వచ్చింది. శ్రుతి చూసుకుంది. "నిల్... లు..."

ఇంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మా," అంది లోపలికి, చిన్నపిల్లలా.

"నిలబడ్డ," అన్నాడు భూమన్న.

వాన తప్ప ఏం వినపడలేదు. తరువాత, ఊరిలో ఎవరూ వినని రెండో మాట వచ్చింది. ఇన్నేళ్లలో అక్కడ అంతసేపు ఆగినవాళ్లు లేరు మరి.

"బందె."

"వస్తున్న అంటున్నది," అని మల్లీశ్వరి గుసగుసగా అంది.

లోపల ఏదో బరువైనది నేల మీద ఈడ్చిన చప్పుడు. ట్రంకు పెట్టెలాంటిది. గాజుల చప్పుడు. తుప్పు తాళం తనంతట తానే ఊడి గడప మీద పడింది. తలుపు ఒక చేతి వెడల్పు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. మందంగా పరుచుకున్న దుమ్ము, ఆ దుమ్ములో లోపలి గది నుంచి గడప దాకా చిన్న చిన్న పాదాల ముద్రలు. లోపలికి పోయినవి ఒక్కటీ లేవు, అన్నీ బయటికి వచ్చినవే.

దుర్గేశ్‌ ఉరకలేదు. మల్లీశ్వరి వేళ్లు అతని వేళ్లలో ఇరుక్కుపోయాయి. ఎవరు ముందు పట్టుకున్నారో ఇద్దరికీ తెలియదు.

భూమన్న మాత్రం భయపడలేదు. తన తల మీది గొడుగును మెల్లగా పక్కకు వంచాడు. ఎవరికో చోటిచ్చినట్టు కొంచెం జరిగాడు. తరువాత వెనక్కి తిరిగి బస్టాండు వైపు నడవసాగాడు. ఆయన భుజం తడిసిపోతోంది, గొడుగు అంతా ఖాళీ వైపే ఉంది. ఆ ఖాళీలో మాత్రం ఒక్క చినుకూ పడటం లేదు. మధ్యమధ్య తల తిప్పి ఏదో చెప్తున్నాడు, నవ్వుతున్నాడు.

ఆయన బస్టాండు దాకా పోయి ఒక్కడే తిరిగొచ్చాడు. దుకాణంలో కూర్చుని చాయ్ తెప్పించుకున్నాడు. ఏమైందని అడిగితే "సాగనంపి వచ్చిన" అన్నాడు, అంతే. వాన ఇంకా పడుతూనే ఉంది. అమృతమ్మ ఇల్లు నోరెత్తలేదు.

ఇంద్రమ్మ ఆయన ఎదురుగా చాలాసేపు కూర్చుంది. లేచేటప్పుడు ఆయన కాళ్లకు మొక్కి, "నాగల్‌గిద్దకు రా కాకా. అమ్మ సమాధి చూద్దువు," అంది.

బస్సు దగ్గర దుర్గేశ్ వైపు తిరిగింది. "ఏం పిల్లగా, కన్నడం వస్తదా నీకు?"

"రాదమ్మా."

"నేర్చుకో. మా అమ్మకు తెలుగు సగమే వచ్చు, ఆయనకు కన్నడం అసలే రాదు. ఇద్దరు గలిసి మా ఇంటికి ఒక జన్మ ఏడుపు తెచ్చిండ్రు. నా అల్లునికి రెండు భాషలు రావాలె."

అల్లుడు అన్న మాట దుర్గేశ్ చెవిలో పడి, కిందికి దిగడానికి కొంత టైం తీసుకుంది. అది దిగేలోపు ఇంద్రమ్మ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. "బీదరోళ్లకు ఫోన్ జేసి వద్దని చెప్పాలె," అని తనలో తానే అనుకుంటోంది.

మల్లీశ్వరి మెట్టు మీద ఆగింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. అతని వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అంది, "నంగూ నీనంద్రె భాళ ఇష్ట."

ఆఖరి మాట దుర్గేశ్‌కు తెలిసిందే. మొదటి మాటలు తెలియకపోయినా ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ వెయ్యలేదు. సగం తెలిసిన మాటను పట్టుకుని ఎక్కడికీ పోదల్చుకోలేదు.

"అర్థం గాలే," అన్నాడు. "ఇంకోసారి చెప్పు."

"ఇప్పుడా? అందరు ఇంటరు."

"పూరా అర్థమయ్యేదాక నేను గీడ నుంచి జరగ."

కండక్టరు రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలింది. మల్లీశ్వరి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చెయ్యి నోటి పక్కన పెట్టుకుని, బస్టాండు అంతా వినేటట్టు తెలుగులో అరిచింది.

"నాకు సుత నువ్వంటే మస్తు ఇష్టం! ఇప్పుడు సమజైందా?"

బస్సులో అందరూ తిరిగి చూశారు. కిటికీ పక్కన ఇంద్రమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది, ఆమె భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి.